ఆయుష్షు వసూలుకు వెళ్ళిన రోజులు

ఆరోగ్య ఆర్థికశాస్త్రంలో పరిశోధనకు చేరబోయే పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి మేడం, ఏ పత్రికకు వ్యాసం పంపితే మంచిది మేడం అని అడుగుతారు. వాటికి జవాబు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది వేరే. ఈ ఉద్యోగంలో మనం ముక్కూమొహం తెలియని మనిషి ఇంటి అరుగు మీద కూర్చుని, కట్టుకున్నవాళ్ళు కూడా అడగని ప్రశ్నలు అడుగుతాం. ఆ మనిషి పాపం జవాబు చెబుతాడు. మనం దాన్ని అంకె చేసుకుని బస్సెక్కి వచ్చేస్తాం. ప్రశ్న మాత్రం ఆ ఊళ్ళోనే ఉండిపోతుంది. మనం వచ్చేశాక అది అక్కడ ఏమేం చేస్తుందో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

నా ప్రమోషన్లు, కమిటీలు, సెమినార్లు ఎవరికీ పనికిరావు. అనంతపురం జిల్లా కుందుర్పి దగ్గర ఒక ఊళ్ళో జరిగింది మాత్రం చెబుతాను. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లు మార్చాను. అక్కడివాళ్ళు నన్ను చూసి ఇప్పటికే తగినంత నవ్వుకున్నారు.

ప్రశ్న ఎలా పుట్టింది

ఆ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లల పళ్ళు పసుపుపచ్చగా ఉంటాయి. నడివయసుకే మోకాళ్ళు బిగుసుకుపోతాయి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. శుద్ధి చేసిన నీళ్ళు కావాలని ఊరివాళ్ళు అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయారు. పై ఆఫీసుల్లో అడిగే మాట ఒకటే: ఎంతమంది చనిపోయారు? మోకాళ్ళ నొప్పితో ఎవరూ చనిపోరు. కాబట్టి అది లెక్కలోకి వచ్చేది కాదు.

మా శాస్త్రంలో దీనికి ఒక దారి ఉంది. నొప్పితో బతికిన ఏడాది, నొప్పి లేకుండా బతికిన ఏడాదితో సమానం కాదు. ఎంత తక్కువో ఆ నొప్పి పడేవాళ్ళనే అడగాలి. ఇంకా పదేళ్ళు బతుకుతారనుకోండి, ఈ నొప్పి పూర్తిగా పోవాలంటే అందులో ఎన్నేళ్ళు వదులుకుంటారు అని అడుగుతాం. ఎన్నేళ్ళు వదులుకుంటామంటే ఆ నొప్పి అంత బరువు. ఆ బరువును అంకెల్లో చూపించి, చావులు లేకపోయినా ఈ ఊరికి నీళ్ళు ఇవ్వండని అడగవచ్చు. క్లాసులో చెప్పేటప్పుడు ఇది చాలా సబబుగా ఉంటుంది. విద్యార్థులు తలలూపుతారు. నేనూ ఎన్నో ఏళ్ళు తలూపాను.

అప్పట్లో మా శాఖాధిపతి ప్రొఫెసర్ విశ్వనాథం గారు. తెనాలి వైపు మనిషి, కాలవ నీళ్ళు చూస్తూ పెరిగినవారు. అనంతపురంలో సగం జీవితం గడిపినా, ఈసారి వాన కాస్త ఆలస్యమైందనే అనేవారు తప్ప ఇక్కడ వాన ఇంతేనని ఒప్పుకునేవారు కాదు. మంచి మనిషి. పద్ధతి అంటే ప్రాణం. ఆ ప్రశ్నను ఇంగ్లీషు నుంచి ఆయనే స్వయంగా, గది తలుపు వేసుకుని తెలుగు చేశారు. ఆ వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది:

"మీకు ఇంకను పది సంవత్సరముల ఆయుష్షు ఉన్నది. సంపూర్ణ ఆరోగ్యము పొందుటకుగాను అందులో ఎన్ని సంవత్సరములు వదులుకొనుటకు మీరు సిద్ధముగా ఉన్నారు?"

"సార్, 'ఉందనుకోండి' అని పెడదాం" అన్నాను.

"'అనుకోండి' అంటే వాళ్ళు గట్టిగా ఆలోచించరమ్మా. ఊహ అని తెలిస్తే జవాబు కూడా ఊహించి చెబుతారు. ఒక్క మాట కూడా మార్చకూడదు. అడిగితే వివరించనూ కూడదు. అందరికీ ఒకే ప్రశ్న, అదే పద్ధతి."

ఆయన ఆ ప్రశ్నను ముందుగా ఇంట్లో అత్తగారి మీద పరీక్షించారు. ఆవిడ ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని తెనాలి బయలుదేరారు. ప్రశ్న స్పష్టంగా అర్థమవుతున్నదని సార్ తేల్చారు.

తిమ్మప్పకు పదేళ్ళు ఖాయం

మాది ఆ పక్కనే కంబదూరు. మా నాయన ఇతరుల శనక్కాయ చేలలో కూలికి పోయేవాడు. కాబట్టి ఆ ఊళ్ళో మాట ఎలా నడుస్తుందో నాకు తెలుసు. తెలిసినా, పద్ధతి ప్రకారం నోరు మూసుకుని మా ఇన్వెస్టిగేటర్ ఓబులేసు పక్కన కూర్చున్నాను. ఓబులేసు కళ్యాణదుర్గం మనిషి. మా దగ్గరికి రాకముందు బడిపంతులుగా చేశాడు. ఏది చదివినా గట్టిగా, తీర్పు చెబుతున్నట్టు చదువుతాడు.

మొదటి ఇల్లు తిమ్మప్పది. మెట్ట పొలాలున్న ఆసామి, పాత సర్పంచి. ఇద్దరు కొడుకులు. మోకాళ్ళు రెండూ పోయాయి, బీపీ ఉంది. ఓబులేసు కాగితం ఎత్తి చదివాడు.

తిమ్మప్ప చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమంటివప్పా? ఇంగోసారి సదువు."

"మీకు ఇంకను పది సంవత్సరముల ఆయుష్షు ఉన్నది."

"పదేండ్లా?"

"ఈడ రాసుండాది కదన్నా."

"యూనివర్సిటీ వాళ్ళే రాసినారా?"

"యూనివర్సిటీ వాళ్ళే."

తిమ్మప్ప మిగతా సగం వినలేదు. లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. "ఇంటివా? పదేండ్లంట నాకు. ఆ డాక్టరు ఎప్పుడు పోయినా మొగం ముడుచుకోని ఉంటాడు. ఈ యప్ప సూడు, ఎంత సక్కంగ చెప్పినాడో."

"ఎన్ని వదులుకుంటావన్నా?" అని ఓబులేసు అడిగాడు.

"ఒక్క దినం గూడా వదల్ను."

వారం తిరగకుండా ఆయన కొడుకులిద్దరూ మేం దిగిన బడి దగ్గరికి వచ్చారు. పెద్దవాడు వసారాలో నిలబడి, ఎవరినీ చూడకుండా అడిగాడు.

"మా నాయనకు పదేండ్లని చెప్పింది ఎవురు?"

ఎవరూ చెప్పలేదని, అది ప్రశ్నలో భాగమని అన్నాను.

"దసరాకు భాగాలు పంచుతానని మాటిచ్చినాడు మేడం. ఇప్పుడు తొందరేముండాది అంటాండాడు. కొత్త బోరు ఏపిస్తాడంట. మీరు అయిదని చెప్పింటే మీకేం పోయింది?"

చిన్నవాడు అంతకంటే ముఖ్యమైన సంగతి చెప్పాడు. తిమ్మప్ప బీపీ మాత్రలు మానేశాడు. పదేళ్ళు రాసిచ్చాక మాత్రలెందుకని అంటున్నాడట.

నేను పరుగున వెళ్ళాను. ఎవరి ఆయుష్షు ఎంతో యూనివర్సిటీకి తెలియదని, ప్రశ్న అడగడానికి అలా రాసుకున్నామని నచ్చజెప్పాను. ఆయన ఓపికగా విని, నా మీద జాలిపడ్డాడు.

"నువ్వట్లే చెప్పల్ల మేడం. ఉద్యోగం కదా."

చివరికి, పదేళ్ళన్న మాట మాత్రలు వేసుకునేవాళ్ళకే వర్తిస్తుందని చెప్పి బయటపడ్డాను. ఆయన వెంటనే ఒక మాత్ర తెప్పించుకుని నా ముందే మింగాడు. ప్రశ్నను వివరించాను కాబట్టి, పద్ధతి ప్రకారం ఆ ఇల్లు మా లెక్కలోంచి తీసేయాలి. తీసేశాం. అలా తీసేయడం మొదలుపెడితే ఎన్ని ఇళ్ళు మిగులుతాయో అప్పటికి మాకు తెలియదు.

ఎవరికి పోతాయి?

మిగతా ఇళ్ళలో జనం జవాబులు చెప్పారు. ఆడవాళ్ళు పెద్దగా బేరం లేకుండా మూడు తీసుకో, అయిదు తీసుకో అన్నారు. ఒక ముసలాయన తన భార్య ఖాతాలోంచి తీసుకోమన్నాడు. జవాబు చెప్పాక మాత్రం అందరూ ఒకటే అడిగారు: మేమిచ్చినవి ఎవరికి పోతాయి?

వివరించకూడదని కదా నియమం. అందుకని ఓబులేసు ప్రతి ఇంట్లోనూ ఒకే జవాబు చెప్పాడు. "అది మేము చెప్పకూడదు."

ప్రపంచంలో ఇంతకంటే చెడ్డ జవాబు ఉండదు. ఎవరో పెద్ద నాయకుడు బెంగళూరు ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్నాడని, ఆయన కోసం మెట్ట ఊళ్ళలో ఏళ్ళు వసూలు చేస్తున్నారని పుకారు పుట్టింది. ఆ నాయకుడెవరో ఎవరికీ తెలియదు. ఏ పార్టీ అన్నదాని మీద మాత్రం గొడవలు జరిగాయి. మేం వీధిలోకి వస్తే తలుపులు పడేవి. మమ్మల్ని రోజూ తీసుకొచ్చే ఆటో అతను ఒక ఉదయం చేతులెత్తి దండం పెట్టాడు. "ఎక్కొద్దు మేడం. నాకు చిన్న పిల్లోళ్ళుండారు."

ఒకావిడ జ్వరం వచ్చిన భర్తను రెక్క పట్టుకుని బడికి నడిపించుకొచ్చింది. "ఇచ్చింది అయిదే కదా. అవి ఆఖర్న కదా తీసుకోవాల్సింది? ఇప్పుడే యాల తీసుకుంటాండారు?" అని నిలదీసింది. అది మామూలు జ్వరం. నర్సు ఇచ్చిన బిళ్ళలతో తగ్గింది. తగ్గాక, మేం భయపడి వదిలేశామని చెప్పుకున్నారు.

ఈ గొడవలో తిమ్మప్ప మళ్ళీ వచ్చాడు. ఓబులేసును బయటికి పంపించి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పదేండ్లు ఖాయం చేసినారు, సంతోషం. ఇంగొక పది దొరుకుతాయా?"

"ఎక్కడ నుంచి తిమ్మప్పన్నా?"

"అదే, మీరు వసూలు చేస్తాండారు కదా. నా చేన్లో పన్జేసేవాళ్ళు గూడా ఇచ్చినారంట. వాటిని బెంగళూరుకు పంపేదేంటికి? మన ఊరివి మన ఊర్లోనే ఉండల్ల. దుడ్ల సంగతి నేను చూసుకుంటా."

నది నీళ్ళ గురించి మాట్లాడినంత న్యాయంగా మాట్లాడాడు. ఆరోగ్యం ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి పోతుందో నేను ఎన్నో వ్యాసాల్లో రాశాను. ఇంత సూటిగా ఎప్పుడూ రాయలేదు.

హనుమక్క

ఆ మర్నాడు మధ్యాహ్నం ఒక మనిషి బడి మెట్ల మీద కూర్చుని ఉంది. తలుపులన్నీ మూసుకుంటున్న ఊళ్ళో పేచీకి కాకుండా తనంతట తానే మా దగ్గరికి వచ్చినవాళ్ళలో తిమ్మప్ప తర్వాత ఆవిడే. పేరు హనుమక్క. కూలిపని చేసుకునే మనిషి. భర్త లేడు.

"నన్నడగల్యాదే మీరు" అంది.

ఊళ్ళో అందరినీ అడగబోమని, చీటీలు తీసి కొన్ని ఇళ్ళకే వెళ్తామని చెప్పాను. పైగా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు లేవు.

"మోకాళ్ళు బాగుండాయి. ఏండ్లు గూడా ఉండాయి కదా. అవి రాసుకోండి."

ఎందుకని అడిగాను. ఆవిడ కూతురు లక్ష్మికి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు అనంతపురం పెద్దాసుపత్రికి వెళ్ళి, మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. రెండు బస్సులు మారాలి. తల్లి తోడు వెళ్తుంది.

"నా కిడ్నీ ఇస్తానంటి. పరీక్షలన్నీ చేసినారు. నీకు షుగరుండాది, నీది పనికిరాదు అన్నారు. సరే, వాళ్ళు సదువుకున్నోళ్ళు. ఏండ్లకు షుగరుంటే ఏమైతాది? ఎన్ని కావాల్నో చెప్పు. ఉండేవన్నీ రాసుకో. బెంగళూరుకు మాత్రం పంపొద్దు. లక్ష్మికి రాయి."

ఆ రోజు పద్ధతిని పక్కన పెట్టాను. ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుని, మా ప్రశ్న అసలు దేనికో, దాన్నుంచి నీళ్ళ ట్యాంకు దాకా ఎలా వెళ్ళాలనుకున్నామో అంతా చెప్పాను. ఆయుష్షు ఎవరూ తీసుకోలేరని, ఎవరికీ ఇవ్వలేరని చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"తీసుకునేది లేకపోతే అడిగేదేంటికి?" అంది.

తర్వాత కాలంలో పీహెచ్‌డీ మౌఖిక పరీక్షల్లో ఇదే ప్రశ్న చాలామందిని అడిగాను. విద్యార్థులు బిక్కమొహం వేసేవారు. నా తోటి పరీక్షకులు అంతకంటే.

తన పేరు, తన బిడ్డ పేరు రాసుకుంటే గానీ కదలనని కూర్చుంది. ఓబులేసు ఒక తెల్ల కాగితం మీద రెండు పేర్లూ రాసి చూపించాక లేచింది.

వాపస్ ఇచ్చిన రోజు

ఊరంతా పెద్దసారు రావాలని పట్టుబట్టింది. విశ్వనాథం గారు యూనివర్సిటీ జీపులో వచ్చారు. బడి వసారాలో జనం కిక్కిరిసి ఉన్నారు. సార్ లేచి, ఇది ఊహాజనితమైన వినిమయమని, ఎవరి ఆయుష్షూ ఎక్కడికీ పోలేదని చెప్పారు.

"మా దగ్గర కాగితం మీద అంకెలు మాత్రమే ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు" అన్నారు.

వెనక నుంచి ఒకాయన లేచాడు. "భూమి గూడా కాగితం మీద అంకెలే సార్. మా నాయనది అట్లే పోయింది."

సార్‌కు ఇది తోచని కోణం. ఆయనకు ఇబ్బంది కలిగినప్పుడు చేసే పని ఒకటే, బోర్డు మీద బొమ్మ గీయడం. బోర్డు దగ్గరికి వెళ్ళి గీత గీశారు. ఎడమ నుంచి కుడికి వెళ్తూ, చివర కిందికి పడిపోయే గీత.

"ఆ గీత కిందికి యాల పోతాండాది?" అని ఒకావిడ అడిగింది.

సార్ అబద్ధం చెప్పలేరు. "అది మరణం అమ్మా."

జనం లేచి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు, అదే భయంగా ఉంది. మా ఏండ్లు మాకు వాపస్ ఇచ్చి ఊరు దాటండి అన్నారు. సార్ నన్ను మూలకు తీసుకెళ్ళారు.

"తీసుకోనిదాన్ని తిరిగి ఎలా ఇవ్వనమ్మా? పద్ధతి ఒప్పుకోదు."

"ఊరు ఒప్పుకుంటుంది సార్" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఓబులేసు ఒక్కొక్క పేరూ పిలిచాడు. పిలిచినవాళ్ళు ముందుకు వచ్చి నిలబడితే, సార్ రెండు చేతులూ జోడించి, తన అనువాదం భాషలోనే చెప్పారు. "మీ అయిదు సంవత్సరములు మీకు తిరిగి ఇచ్చివేయడమైనది." కొందరు ఒంగి దండం పెట్టి వెళ్ళారు. కొందరు మరోసారి చెప్పించుకున్నారు.

ఒక మనిషి పేచీ పెట్టాడు. "నేనిచ్చింది ఎనిమిది."

ఓబులేసు కాగితం చూశాడు. "మూడేనన్నా."

"ఎనిమిది."

సార్ చెయ్యెత్తారు. "ఎనిమిదే ఇచ్చేయి ఓబులేసూ." ఇక అక్కణ్ణుంచి తక్కువ ఇచ్చినవాళ్ళెవరూ కనబడలేదు. భార్య ఖాతాలోంచి తీసుకోమన్న ముసలాయన పేరు పిలిస్తే, ఆయన కంటే ముందు ఆవిడ వచ్చింది. తనవి తాను తీసుకుని, "ఆయప్పవి గూడా నా పేరుకే రాయండి" అని భర్త వైపు చూసింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. పంపకం చివరికి వచ్చాక, ఏమీ ఇవ్వని తిమ్మప్ప కూడా వరసలో నిలబడి, ఏమైనా మిగిలాయా అని అడిగాడు.

ఆఖర్న హనుమక్క. పిలవకుండానే వచ్చింది.

"నాకొద్దు సార్. నావి వాపస్ తీసుకోను. నా బిడ్డకియ్యండి."

ఎవరీవిడ అని సార్ నా వైపు చూశారు. దగ్గరికి వెళ్ళి చెవిలో చెప్పాను. కిడ్నీ సంగతి కూడా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచారు. అంతవరకూ ఎవరికోసమూ లేవలేదు.

"ఎన్నమ్మా మీవి?"

"ఉండేవన్నీ."

"లక్ష్మికి రాసేసినాము" అన్నారు.

తెనాలి మనిషి నోట మా సీమ యాసలోని ఆ 'నాము' వినడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

"ఖాయమేనా?"

"ఖాయం."

వసారాలో ఎవరూ నవ్వలేదు. తిమ్మప్ప తల వంచుకుని వరసలోంచి పక్కకు తప్పుకున్నాడు.

తిరుగు దారిలో జీపులో ఇద్దరం పోట్లాడుకున్నాం. చదువుకున్నవాళ్ళం, ఆవిడ నమ్మకంతో ఆడుకోవడం తప్పు సార్ అన్నాను. ఆయన "కిడ్నీ వద్దన్నాం. ఏళ్ళూ వద్దంటే ఆవిడ ఇంకేమివ్వాలి?" అన్నారు. అది వాదన కాదు. ఆయన చేసింది తప్పేనని నేను ఆ తర్వాత కూడా క్లాసులో చెప్పాను. పేర్లు చెప్పకుండా కథ చెబితే క్లాసు రెండుగా చీలిపోయేది. చీలనిచ్చేదాన్ని.

లక్ష్మి వచ్చింది

కొన్ని వారాల తర్వాత ఒక అమ్మాయి మా శాఖకు వచ్చింది. మోచేతి దగ్గర దూదీ, ప్లాస్టరూ. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది. ఇంటర్ చదివి కుట్టుపని చేసుకునే లక్ష్మి. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా అమ్మ ఏండ్లు నాకు రాసింది ఎవురు?"

సార్ ఆ రోజు హైదరాబాదులో ఉన్నారు. ఉంటే బాగుండేదనిపించింది. జరిగింది చెప్పి, అవన్నీ ఉత్త మాటలేనమ్మా అన్నాను.

"నాకు తెలీదా మేడం? నేనేమన్నా నమ్మతానా? మా అమ్మ నమ్మింది. అదీ కష్టం."

అప్పుడు కూర్చుంది. చేతి ప్లాస్టరు అంచు గీరుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"నేను అప్పుడప్పుడు మానేస్తాంటి. మిషన్ పనిచేయల్యాదంట, ఈరోజు రావద్దన్నారని అమ్మకు అబద్ధం చెప్తాంటి. అమ్మ నాతో తిరిగే దినాలు కూలి పోతాది. ముద్ద తినేదానికి గూడా నా మొగం చూస్తాది. నెమ్మదిగా పూర్తిగా మానేద్దాం, అయ్యేదేదో అయితాది, ఆయమ్మన్నా బాగుంటాది అనుకుంటి. ఎవురికీ చెప్పల్యా."

నేను లేచి గది తలుపు దగ్గరగా వేశాను.

"ఇప్పుడు మానేదానికి లేదు. ఒక బస్సు తప్పిపోతే 'నావి పోసినాను, ఒలకబోస్తావా' అని కూలబడి ఏడుస్తాది. నీళ్ళు కొలతగా తాగల్ల కదా నేను, ఒక గుక్క ఎక్కువ తాగితే తన ఏండ్లు తాగినట్లే చూస్తాది. నావైతే నా ఇష్టం మేడం. ఆయమ్మవి కదా. ఎట్ల పారేసేది?"

"నేను వచ్చి మీ అమ్మకు నిజం చెబుతాను" అన్నాను. సార్‌తోనే చెప్పిస్తానని కూడా అన్నాను.

లక్ష్మి గోడ మీది ఫ్యాను రెగ్యులేటర్ వైపు చూసింది.

"చెప్తే నేను మళ్ళా మానేస్తానేమో" అంది. తర్వాత లేచి చీర సర్దుకుంది. "వద్దులే. ఉండనీ."

కళ్యాణదుర్గం బస్సు ఎక్కించి వచ్చాను. ఆసుపత్రి సేవల మీద నేను చేసిన పరిశోధనల్లో, రోగులు వైద్యం మధ్యలో ఎందుకు మానేస్తారన్నది పెద్ద అధ్యాయం. దూరం, ఖర్చు, కూలి నష్టం అని కారణాలు వరసగా రాశాను. ఎందుకు మానేయరు అన్నదాని మీద ఒక్క పేజీ కూడా రాయలేదు.

ఏం తేలింది

పరిశోధన చెత్తబుట్టకు పోయింది. అందరివీ వాపస్ ఇచ్చేశాక ఇక లెక్కించడానికి ఏముంది? విశ్వనాథం గారు జరిగిందంతా దాచకుండా రాసి నిధులిచ్చినవాళ్ళకు పంపారు. సవరించిన పట్టికలు పంపగలరని వాళ్ళు జవాబు రాశారు. ఆ తర్వాత ఆయన ఏ ప్రశ్న తయారుచేసినా మొదట 'అనుకోండి' అని రాసేవారు. మీ పేరేమిటి అన్న ప్రశ్నకు కూడా ఒకసారి రాశారు, కొట్టేయించాను.

నీళ్ళు మాత్రం వచ్చాయి. అందులో మా ప్రతిభ లేదు. ఇంకొక పది దొరకవని తేలాక, ఉన్న పది కాపాడుకోవడానికి ఏం చేయాలని తిమ్మప్ప నన్ను అడిగాడు. మాత్రలు వేసుకో, ఆ బోరు నీళ్ళు తాగొద్దు అన్నాను. ఆయన అనంతపురం వెళ్ళి ఆఫీసుల్లో, పార్టీ మనుషుల ఇళ్ళల్లో బైఠాయించి, నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు మంజూరు చేయించుకుని వచ్చాడు. తన ఇంటికి ఎదురుగానే పెట్టించుకున్నాడు. అయినా ఊరంతా ఇప్పుడు అక్కడే నీళ్ళు పట్టుకుంటారు. మా అంకెలు చేయలేని పని ఒక ముసలాయన భయం చేసింది. పదేళ్ళు నిండే ముందు ఆయన మా ఇంటికి ఒక మూట శనక్కాయలు పంపి, కాగితం పొడిగించాలంటే ఎవరిని కలవాలని అడిగించాడు. భాగాలు ఇంకా పంచలేదు.

కొత్తగా చేరేవాళ్ళకు నా సలహా ఏమిటంటే, ప్రశ్నను మీ వాళ్ళ మీద, మీ ఇంట్లో పరీక్షించినప్పుడు అత్తగారు పెట్టె సర్దుకుంటే ఆగండి. ఎవరైనా 'ఎవరికి పోతాయి' అని అడిగితే, చెప్పకూడదు అనకండి. పై అధికారి బోర్డు వైపు నడుస్తుంటే సుద్దముక్క దాచేయండి. ఇంతకంటే పెద్ద సూత్రాలు నాకు తెలియవు.

నేను రిటైరయ్యాక, పోయిన ఎండాకాలంలో, హనుమక్క మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పక్కన లక్ష్మి. ఆసుపత్రి నుంచే వస్తున్నారు. లక్ష్మి జుట్టులో తెలుపు కనబడుతోంది, కాస్త చిక్కింది. హనుమక్క మాత్రం అలాగే ఉంది. కూర్చోగానే అడిగింది.

"పెద్దసారు యాడుండాడు?"

"పోయారు హనుమక్కా."

ఆవిడ చేతులు జోడించి పైకి దండం పెట్టింది. "అయితే నువ్వే చూడల్ల. నాకొక అనుమానం మేడం. నిద్ర పట్టడం లేదు."

"ఏమిటి?"

"ఉండేవన్నీ ఇచ్చేస్తి కదా. మళ్ళ నేనింకా ఏంటికుండాను?"

లక్ష్మి మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"సార్ తొందర్లో రాయడం మర్సిపోయినాడేమో. దీనికి చేరల్యాదేమో."

"లక్ష్మి బాగానే ఉంది కదా హనుమక్కా."

"బాగుండాది. నేనూ బాగుండాను. ఇద్దరం ఎట్ల బాగుంటాము?"

లక్ష్మి కిటికీ వైపే చూస్తూ అంది. "నువ్విచ్చింది అసలు, అమ్మా. ఇప్పుడు నువ్వు బతుకుతాండేది వడ్డీ మీద."

హనుమక్క నా మొహంలోకి చూసింది. అవునా కాదా చెప్పమన్నట్టు చూసింది. మా శాస్త్రంలో రాబోయే ఏళ్ళకు వడ్డీ కట్టి లెక్కవేసే పద్ధతి నిజంగానే ఉంది. రెండు సెమిస్టర్లు పాఠం చెబుతాం.

"అంతే హనుమక్కా" అన్నాను. "మా పుస్తకాల్లో అట్లే ఉంది."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని గోడకు ఆనుకుంది. నేను కాఫీ తెచ్చాను. లక్ష్మి రెండు గుక్కలు తాగి, మిగిలింది తల్లి గ్లాసులో పోసింది.